సర్వీసింగు నుంచి వస్తుంటే వెలిగిన లైటు

తొంభైల చివర్లో మేం కరీంనగర్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన ఉద్యోగం ఆదిలాబాద్‌లో. శనివారం వచ్చి, సోమవారం తెల్లారేసరికి మళ్ళీ బస్సెక్కేవారు. కారు కొన్నది ఆయనే. అది ఆయనతోనే వెళ్ళిపోవాల్సింది గానీ, నేను పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకోవడంతో నా దగ్గర ఉండిపోయింది. అదీ ఒక షరతు మీద.

"బండికి ఏమన్న అయిందనుకో, మారుమాట లేకుంట తీస్కపోత," అన్నారు.

సరే అన్నాను. అనడానికేం పోయింది!

ఆ కారుతో నాకు రెండే పనులు. బడికి వెళ్ళి తెలుగు పాఠాలు చెప్పి రావడం, సోమవారం బడి వదిలాక మా అత్తమ్మను వేములవాడ గుడికి తీసుకెళ్ళడం. మామయ్య పోయినప్పటి నుంచి ఆవిడ మాతోనే ఉండేది. వెనక సీట్లో కూర్చుని దారి పొడుగునా నన్ను సాధించేది. "ఎడ్లబండి కట్టుకున్నా ఈపాటికి చేరుకుందుము," అనేది. కొడుకు వచ్చినప్పుడు ఆయన ముందూ అదే పాట. కారు ఎప్పుడు పోతుందా అని ఆవిడ కాచుకుని ఉందని నేను గట్టిగా నమ్మాను.

ఒకసారి సర్వీసింగుకు ఇచ్చాను. ఆయిల్ మార్చారు, ఎయిర్ ఫిల్టర్ మార్చారు, కడిగి తళతళలాడించి ఇచ్చారు. ఇంటికి వస్తుంటే స్టీరింగు వెనక ఇంజన్ బొమ్మ ఒకటి పసుపుపచ్చగా వెలిగింది. బండి మాత్రం హాయిగా పోతోంది.

వెనక్కి తిప్పుకుని వెళ్ళాను. మెకానిక్ బానెట్ ఎత్తి చెవి పెట్టి విన్నాడు.

"ఇంజన్ మస్తుగున్నది మేడం. లైటే గట్ల వెలుగుతుంది."

"మస్తుగుంటే ఎందుకు వెలుగుతుంది?"

"గదే సమజైతలేదు."

అది కంప్యూటర్ బండి అట. దాని రోగం చెప్పే యంత్రం హైదరాబాద్‌లో ఉందట. కాకపోతే ఒక వైరు కలిపితే ఆ లైటే మినుకుమినుకుమంటూ తన బాధ చెప్పుకుంటుందట, ఎన్నిసార్లు మినుకుమందో లెక్కపెట్టాలట. కలిపాడు. లైటు మినుకుమంది, ఆగింది, మళ్ళీ మినుకుమంది. అతను ఒక లెక్క చెప్పాడు, షెడ్డులో అతని భాగస్వామి ఇంకో లెక్క చెప్పాడు, నాకు వేరే లెక్క వచ్చింది. కంపెనీ ఇచ్చిన పుస్తకంలో చూస్తే, అతని లెక్కకు గాలి సెన్సార్ చెడింది, భాగస్వామి లెక్కకు నీళ్ళ సెన్సార్ చెడింది, నా లెక్కకైతే అసలు అలాంటి రోగమే లేదు. ఎందుకైనా మంచిదని రెండు సెన్సార్ల వైర్లూ ఊడదీసి మళ్ళీ బిగించారు. లైటు వెలుగుతూనే ఉంది.

"ఫికర్ చేయకుండ్రి. హైదరాబాద్ నుంచి యంత్రం పట్టుకొని మనిషి వస్తడు. గప్పటిదాక నడుపుకోండ్రి," అన్నాడు మెకానిక్.

నా ఫికర్ ఇంజన్ గురించి కాదు, శనివారం గురించి.

ఇంట్లో అడుగు పెట్టగానే, "ఏందే, మొకం గట్ల పెట్టినవ్?" అంది అత్తమ్మ. బండి దగ్గరికి తీసుకెళ్ళి లైటు చూపించాను.

"దీన్ని చూస్తే మీ కొడుకు బండి తీస్కపోతడు అత్తమ్మా."

"ఊఁ," అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ ఊఁలో నాకు సంతోషమే వినిపించి ఒళ్ళు మండింది.

శనివారం ఆయన వచ్చారు. ఎలా చెప్పాలా అని నేను వంటింట్లో మాటలు కూడబలుక్కుంటుండగానే తాళాలు తీసుకుని బజారుకు వెళ్ళిపోయారు. తిరిగొచ్చి కూరగాయల సంచి నా చేతికిచ్చారు.

"బండి మస్తు నడుస్తుంది. సర్వీసింగ్ మంచిగ చేసిండు."

నాకు మతి పోయింది. మర్నాడు ఆయన నిద్రపోతుంటే వెళ్ళి తాళం తిప్పాను. ఇంజన్ బొమ్మ ఉండాల్సిన చోట, దాన్ని కప్పిన అద్దం మీద, ఒక పెద్ద మెరూన్ రంగు బొట్టుబిళ్ళ! గోటితో అంచు లేపి చూస్తే కింద లైటు నిక్షేపంగా వెలుగుతోంది. గబుక్కున మళ్ళీ అంటించేశాను.

వేములవాడ వెళ్ళొచ్చినప్పుడల్లా నేను బండికి బొట్లు పెట్టేదాన్ని కనుక ఆయన అనుమానించి ఉండరు. బిళ్ళ నేను పెట్టుకునే రకమే. కానీ నేను అంటించలేదు. ఆయనే చూసి నన్ను ఆట పట్టిస్తున్నారా? అడిగితే, ఆయన కాకపోతే నన్ను నేనే పట్టిచ్చుకున్నట్టు. మెకానిక్ దగ్గర బొట్టుబిళ్ళ ఎక్కడిది? ఇక అత్తమ్మ, మామయ్య పోయినప్పటి నుంచి బొట్టు జోలికే పోని మనిషి. ఎటు నుంచి ఆలోచించినా తెగలేదు. ఊరుకున్నాను.

కొన్ని వారాలకు హైదరాబాద్ మనిషి యంత్రంతో వచ్చాడు. మెకానిక్ నవ్వుతూ బిళ్ళ పీకాడు. కింద లైటు లేదు!

"ఎప్పుడు ఆరింది మేడం?"

నాకేం తెలుసు? హైదరాబాద్ మనిషి యంత్రం తగిలించి చూసి ఏదో నంబరు చెప్పాడు.

"అంటే?" అన్నాను.

"పాత కోడ్ మేడం. ఇప్పుడేం లేదు. తుడిచేసిన."

ఏమీ లేనప్పుడు తుడిచిందేమిటో అతనూ చెప్పలేదు, నాకూ ఈనాటికీ తెలియదు.

ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ చింతపండులో గింజలు తీస్తోంది.

"లైటు ఆరిపోయింది," అన్నాను.

"అయితే బిళ్ళ తీసేసిండ్రా?" అంది తలెత్తకుండా.

"మీరా అత్తమ్మా? మీరు బొట్టుబిళ్ళ ముట్టుకున్నరా? నేను నడుపుడంటేనే మీకు పడదు గద!"

"పడదు. జర జల్ది నడపరాదు నీకు." ఇంకో గింజ తీసి పక్కన పెట్టింది. "గీ ఇంటికొచ్చినసంది యాడికి పోవాలన్నా మీ మామను అడిగిన. ఆయన పోయినంక కొడుకును అడుగుతున్న. సోమవారం ఒక్కటే, ఎవ్వల్ని అడుగకుంట గడప దాటుతున్న. గా ఒక్కటి పోనిస్తనా?"

నాకు ఏడుపు ఆగలేదు. ఇన్నేళ్ళు ఒకే ఇంట్లో ఉండి, అనుమతి అడిగే బాధ నా ఒక్కదానిదే అనుకున్నాను.

"ఈ ఆదివారం ధర్మపురి పోదామా అత్తమ్మా?" అన్నాను కళ్ళు తుడుచుకుంటూ.

"ఆదివారం వాడు ఇంట్లనే ఉంటడు గద. అడుగుతవా?"

"అడుగ. పోతున్నమని చెప్త."