నాలుగు పాళ్ల పెట్రోలు, ఒక పాలు స్పిరిట్

1981 వానకాలం మొదట్లో నన్ను జనగామ నుంచి మహబూబాబాద్‌కు ప్రత్యేక విధి మీద పంపించారు. అప్పుడు నేను ప్రభుత్వ వాహనాల మరమ్మతు విభాగంలో జూనియర్ ఇంజనీరును. బయటి దేశాల చమురు ధర మండిపోతున్న రోజులవి. చక్కెర ఫ్యాక్టరీల మడ్డి నుంచి తీసే స్పిరిట్‌ను పెట్రోలులో కలిపి బండ్లు నడపవచ్చా అని తేల్చడానికి నాకొక జీపు అప్పగించారు. నాలుగు పాళ్ల పెట్రోలుకు ఒక పాలు స్పిరిట్. స్పిరిట్‌కు పెట్రోలంత శక్తి ఉండదు కనుక, ఇంధనం కాస్త ఎక్కువ పారేలా కార్బురేటరులోని జెట్టు రంధ్రాన్ని నేనే పెద్దది చేశాను. రోజూ గంగారం అడవి దారిలో పోయి రావాలి. బండి ఎక్కడ ఆగినా, ఎందుకు ఆగిందో లాగ్ పుస్తకంలో రాయాలి.

డ్రైవరు యాకయ్యకు ఈ పని మీద నమ్మకం లేదు. “మనుషులు తాగేది బండికి తాగిపిస్తే సక్కగ నడుస్తదా సారూ?” అనేవాడు. మూడు వారాలు జీపు ఒక్కసారీ మొరాయించకపోయేసరికి ఆ మాట మానేశాడు.

తర్వాత రెండు రోజులు ముసురు పట్టింది. తెరిపిచ్చిన పొద్దున గంగారం పోయి, అక్కడ షెడ్డు బయట నిలబెట్టిన మా మిశ్రమం డ్రమ్ములోంచి ట్యాంకు నింపుకున్నాం. బయలుదేరబోతుంటే నలుగురు మనుషులు ఒకతన్ని మంచం మీద మోసుకొచ్చారు. పేరు సమ్మయ్య. పొలంలో రక్తపింజర కరిచింది. కాలు మోకాలి దాకా వాచింది. వెంట అతని తల్లి లచ్చవ్వ.

“బాపూ, జర దవాఖానకు కొండవోండ్రి. నాకు గీడొక్కడే.”

ఇద్దరినీ ఎక్కించుకున్నాం. రెండు ఫర్లాంగులు పోగానే ఇంజను నాలుగు కుదుపులు కుదిపి ఆగిపోయింది. యాకయ్య ఎంత తిప్పినా అందుకోలేదు. “గీ స్పిరిట్ బండిని నమ్మితే గింతే సారూ” అన్నాడు. ఆ దారిలో మరో బండి వచ్చే ఆశ లేదు.

ఇంజనుకు పెట్రోలు అందించే పంపు కింద చెత్త ఆగే చిన్న గాజు గిన్నె విప్పి చూస్తుంటే లచ్చవ్వ దిగి వచ్చింది. గిన్నె అందుకొని వాసన చూసి, వేళ్లతో రాసి చూసింది.

“గిది సార తీరుగనే ఉన్నది. నీళ్లు కలిసినయ్ బాపూ. ఇన్నేండ్లు ఇప్పసార కాసినదాన్ని, నాకు ఎర్కలేదా?”

ట్యాంకులోది కొంత ఖాళీ సీసాలోకి పట్టాను. పైన పెట్రోలు, కింద మరో ద్రవం, మధ్యన గీత గీసినట్టుంది. చదువుకున్నదంతా అప్పుడు గుర్తొచ్చింది. ఈ మిశ్రమంలో కాసిని నీళ్లు పడితే చాలు, స్పిరిట్ పెట్రోలును వదిలి నీళ్లతో కలిసి అడుగుకు దిగుతుంది. ఇంజను పీల్చింది ఆ అడుగునే.

ట్యాంకు కింది బిరడా తీసి, మంచి పెట్రోలు వచ్చేదాకా వదిలేశాను. గిన్నె తుడిచి, జెట్టును నోటితో ఊది బిగించాను. యాకయ్య మీట నొక్కాడు. ఇంజను అందుకుంది. పెద్ద జెట్టులో ఒట్టి పెట్రోలు పారుతున్నందువల్ల దారంతా నల్లటి పొగ. అయినా మహబూబాబాద్ దవాఖాన దాకా ఎక్కడా ఆగలేదు. డాక్టరు వెంటనే విషానికి సూది వేశాడు. తొమ్మిదో రోజున సమ్మయ్య తన కాళ్ల మీద నడిచి ఇంటికి పోయాడు.

బండి ఆగిన మర్నాడే నేను మళ్లీ గంగారం వెళ్లి డ్రమ్మును చూశాను. నిలబెట్టిన డ్రమ్ము మూత చుట్టూ వాననీరు నిలుస్తుంది. ఎండకు వేడెక్కిన డ్రమ్ము వాన పడి చల్లబడినప్పుడు ఆ నీటిని లోపలికి పీలుస్తుంది. దాన్ని అలా నిలబెట్టించింది నేనే.

మా పై ఇంజనీరు నన్ను పిలిపించి, స్పిరిట్ మన వానలకు పనికిరాదని రాసి ముగించమన్నాడు. అలా రాస్తే నా మీదికి ఏమీ రాదని కూడా చెప్పాడు. “తప్పు స్పిరిట్‌ది కాదు సార్, నాది. అట్లనే రాస్త” అన్నాను. ఆయన లాగ్ పుస్తకం తిరగేసి, పరీక్ష కొనసాగించడానికి సంతకం పెట్టాడు. డ్రమ్ములను కప్పు కింద పడుకోబెట్టించాను. ట్యాంకు నింపే ముందు ప్రతిసారీ సీసాలో పట్టి చూశాం. ఆ వానకాలమంతా జీపు మళ్లీ ఆగలేదు. నివేదికలో నీటిని గుర్తించింది లచ్చవ్వ అని పేరుతో సహా రాశాను. నా ఉద్యోగంలో నేను రాసిన కాగితాలన్నిటిలో నాకు గర్వమనిపించేది అదే.

కొత్త ఇంధనాన్ని తప్పుపట్టే ముందు, దాన్ని మనం నిల్వచేసిన తీరును పరీక్షించాలి. తప్పు మనదని తేలితే లాగ్ పుస్తకంలో అదే రాయాలి. తర్వాతి నా ఉద్యోగమంతా ఈ పద్ధతిలోనే నడిచింది.