బరువైన రోల్

ఈ ఉదయం నాన్న సంచీ సర్దుకుంటుంటే కొబ్బరినూనె వాసన వచ్చింది. మేకప్ తుడుచుకోవడానికి ఆయన వెంట ఎప్పుడూ ఓ సీసా ఉంటుంది. ఆ వాసన తగిలితే నాకు ఇప్పటికీ కాలు ఒకచోట నిలవదు.

నా ఏడో ఏట మేం హిందీ మాట్లాడే ఊళ్లో, ఉక్కు ఫ్యాక్టరీ వాళ్ల సెక్టర్ సిక్స్ క్వార్టర్లో ఉండేవాళ్లం. నాన్న రోలింగ్ మిల్లులో పనిచేస్తూ, సెలవురోజుల్లో తెలుగు నాటకాలు ఆడేవారు. ఓరోజు విశాఖ నుంచి సినిమా కబురొచ్చింది.

"ఏటి రోల్? పెద్దదా?" అంది అమ్మ.

"చిన్నదే గానీ చాలా బరువైంది. నేనే మొయ్యాల."

నాకు తెలిసిన రోల్ అంటే మిల్లులో ఇనుమును నొక్కే పెద్ద దిమ్మ. క్రేన్ లేనిదే అది కదలదని చెప్పింది నాన్నే.

"అక్కడ క్రేన్ ఉంటాదా నాన్నా?"

"ఎందుకుండదు బేటా! కెమెరామేన్ని కూడా పైకెత్తేస్తాది."

అయినా నాకు నమ్మకం కుదరలేదు. ఆయన తిరిగొచ్చేదాకా గేటుకీ వీధి మలుపుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను. రాగానే ముందు ఆయన వేళ్లన్నీ ఉన్నాయో లేదో చూశాను.

రోల్ అంటే వేషమని నాకు తెలిసేసరికి నాన్న పేరున్న నటుడయ్యారు. ఇప్పుడు ఎనభైకి దగ్గరపడ్డారు.

"ఈసారి రోల్ బరువైందేనా నాన్నా?" అన్నాను, పాత అలవాటు కొద్దీ.

ఆయన సంచీ జిప్పు లాగుతూ నవ్వారు. "నాకేటి బరువమ్మా? శవం వేషం. నన్నే నలుగురు మోస్తారు."

ఆటో వెళ్లిపోయి గంటయింది. నేనింకా గేటుకీ మలుపుకీ మధ్య తిరుగుతూనే ఉన్నాను.