మిరపకాయల డాబా మీద ఉపగ్రహ యాంటెన్నా

జిల్లాలను విడదీయడానికి ముందటి ఫిబ్రవరిలో, అద్దంకిలో వైర్‌లెస్ సూపర్‌వైజరుగా ఉన్న నన్ను సింగరాయకొండకు డెప్యుటేషన్ మీద పంపారు. జీపు ఇస్తామన్నారు, ఇవ్వలేదు. పనిముట్లన్నీ గోనెసంచిలో వేసుకుని బస్సులో వెళ్లాను.

తుఫానుకు సెల్ టవర్లు పడిపోతే తీరపు పల్లెల నుంచి కబురు బయటికి రాదు. సొంత రేడియో సెట్టుతో మాట్లాడుకునే అమెచ్యూర్ రేడియో లైసెన్సు ఉన్నవాళ్లు తమ ఇళ్ల నుంచే ఉపగ్రహం ద్వారా మాట్లాడగలిగితే ఆ లోటు తీరుతుంది. అలాంటి ఇళ్లకు యాంటెన్నాలు ఎంపిక చేయడం నా పని. బిగించాక తనిఖీ ఉంటుంది. తనిఖీలో ఉపగ్రహం మీదుగా ఒక్క జవాబైనా రాకపోతే ఆ ఇంటిని పథకం నుంచి తీసేస్తారు.

మా పై అధికారి అసిస్టెంట్ ఇంజనీరు ప్రభాకరరావు గారు. మొదటి సమావేశంలో అందరికీ కుర్చీలు వేయించి నన్ను తలుపు దగ్గర నిలబెట్టారు. నిలబడే నా అభిప్రాయం చెప్పాను. ఈ ఉపగ్రహాలు ఒకచోట నిలిచి ఉండవు. ఒక అంచున లేచి పది పన్నెండు నిమిషాల్లో మరో అంచున దిగిపోతాయి. ఈ ప్రయాణాన్నే పాస్ అంటారు. యాంటెన్నా దాని వెంట తిరగాలి. పాత టీవీ యాంటెన్నాలాంటి యాగీ ఎంత పొడవుంటే అంత బలంగా వినిపిస్తుంది, కానీ దాని చూపు అంత సన్నబడుతుంది. గురి కాస్త తప్పినా ఉపగ్రహం జారిపోతుంది. పొడవైన దాన్ని తిప్పడానికి మోటార్లు కావాలి, మోటార్లకు కరెంటు కావాలి, తుఫానులో ఉండనిది అదే. అందుకే చేత్తో పట్టుకునే పొట్టి యాగీ చాలన్నాను. సంచిలోంచి తీసి చూపించాను.

ప్రభాకరరావు గారు దాన్ని ఎగాదిగా చూసి, “ఏమయ్యా, దీంతో ఉపగ్రహాన్ని అందుకుంటావా, మామిడికాయలు కోస్తావా?” అన్నారు. గది గదంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో ఇప్పటికీ చెప్పగలను.

చివరికి ఆయన మాటే చెల్లింది. రెండు పొడవాటి యాగీలు, రెండు మోటార్లు, వాటిని నిలబెట్టే ఇనప పైపు మాస్ట్. మొదట బిగించింది సువార్త టీచరు డాబా మీద. ఆమె బడి పని చూసుకుంటూనే చదివి లైసెన్సు పరీక్ష పాసైన మనిషి. అంతకుముందొక తుఫానులో వాళ్ల పల్లె నుంచి అంబులెన్సు కోసం ఫోను కలవక పురిటి మనిషిని ట్రాక్టరు మీద తీసుకెళ్లారట. ఆ ఊళ్లో లైసెన్సు ఉన్నది ఆమె ఒక్కరికే. ఆమె ఇల్లు తీసేస్తే ఆ పల్లెకు మళ్లీ ఏ దారీ లేదు.

మాస్ట్ ఊగకుండా నాలుగు వైపులా తీగలు లాగి పిట్టగోడకు కొక్కేలు దింపారు. ఆ రోజు డాబా ఖాళీగా ఉంది. మార్చిలో అకాలవర్షం వచ్చి కల్లం తడవడంతో వాళ్లు మిరపకాయలన్నీ ఇంటి డాబా మీదికి చేర్చి ఆరబోశారు. మిరప ఆరబోశాక ఆ డాబా మీద ఇంకెవరూ అడుగు పెట్టరు. అది అక్కడి రివాజు.

తనిఖీ రోజు ఉదయం నేను వెళ్లేసరికి మాస్ట్ వంగి ఉంది. ఒక యాగీ పక్కింటి రేకుల మీద వాలింది. పిట్టగోడ ఇటుకలు రెండు కింద పడి ఉన్నాయి. రాత్రి మబ్బు పట్టిందని టీచరు అత్తగారు రూతమ్మ గారు కాయల మీద టార్పాలిన్ కప్పి, దాని తాళ్లు మా మాస్ట్‌కూ తీగలకూ కట్టారు. గాలికి టార్పాలిన్ తెరచాపలా ఉబ్బి అంతా లాగేసింది.

“వందనాలండి,” అన్నారు రూతమ్మ గారు, కాయలు పోగుచేస్తూనే. “కాయ తడవలేదు, దేవుడి దయ.”

ఇంతలో జీపు వచ్చింది. ప్రభాకరరావు గారు పైకి చూసి మండిపడ్డారు.

“దానికి టార్పాలిన్ కట్టమని ఎవరు చెప్పారమ్మా?”

“కట్టొద్దని ఎవురు చెప్పారయ్యా?” అన్నారామె. “డాబా మీద గుంజ పాతితే తాడు కట్టుకోడానికి గాక ఇంకెందుకంట? పాతేటప్పుడు ఒక మాట అడిగారా?”

ఆయన నా వైపు తిరిగి, ఈ ఇల్లు పనికిరాదని రాసుకోమన్నారు. రాయనన్నాను. పాస్‌కు ఇంకా సమయం ఉంది, ముందు చేతి యాంటెన్నాతో చూద్దామన్నాను. టీచరు అప్పటికే గేటు దగ్గర రేడియో సెట్టు పట్టుకుని నిలబడ్డారు.

సంచిలో పొట్టి యాగీలు రెండున్నాయి: కడ్డీకి అడ్డంగా అయిదు లోహపు పుల్లలున్నది ఒకటి, మూడు పుల్లలది ఒకటి. నేను అయిదు పుల్లలది ఇచ్చాను. ఆమె ఒకసారి ఎత్తి చూసి వెనక్కి ఇచ్చేశారు.

“బరువండి, సార్. ఒక చేతిలో సెట్టు, ఒక చేతిలో ఇది. పాస్ సగమయ్యేసరికి చెయ్యి వాలిపోద్ది.”

“ఇది గట్టిగా వినిపిస్తుందమ్మా.”

“చెయ్యి వాలిపోయాక నేల వినిపిస్తదండి,” అని చిన్నది తీసుకున్నారు.

ఇంటి ముందు సందులో, ఆకాశం తెరిపిగా కనిపించేచోట నిలబడ్డారు. పాస్ మొదలైంది. గరగర తప్ప ఏమీ లేదు. ప్రభాకరరావు గారు గడియారం చూస్తున్నారు, నేను ఆయన్ని చూస్తున్నాను. ఉపగ్రహం దగ్గరకొస్తూ పోతూ ఉంటే, దాటిపోయే రైలు కూతలాగా, మనం వినవలసిన ఫ్రీక్వెన్సీ జరుగుతూ ఉంటుంది. టీచరు బొటనవేలితో దాన్ని సరిచేస్తూనే ఉన్నారు. ఒక్క ముక్కా రాలేదు. ఉపగ్రహం నడినెత్తి దాటింది. మణికట్టు తిప్పమని అరిచాను. పైన ఉపగ్రహం దొర్లుతూ పోతుంది, దాని యాంటెన్నా వాలుకు మన పుల్లల వాలు కలవాలి. ఆమె అడ్డంగా ఉన్నదాన్ని నిలువుకు తిప్పారు. గరగర తెగి మనిషి గొంతు వచ్చింది. ఆమె లైసెన్సుతో వచ్చిన తన గుర్తింపు పేరు, కాల్‌సైన్ చెప్పారు. కేరళ నుంచి ఒకాయన దాన్ని తిరిగి పలికి, స్పష్టంగా వినిపిస్తోందన్నాడు. ఆమె ధన్యవాదాలు చెప్పేలోగా మళ్లీ గరగర మొదలైంది.

పథకంలో ఆ ఇల్లు నిలిచింది. తర్వాతి సమావేశంలో ప్రభాకరరావు గారు “మేము ఎంపిక చేసిన చేతి యాంటెన్నా” అంటూ మాట్లాడారు. ఎంపిక చేసిన ఆ మేము ఎవరని తలుపు దగ్గర నుంచే అడిగాను. వారం తిరగకుండా నన్ను అద్దంకికి పంపేశారు. ఆ బస్సు టికెట్టూ నేనే కొనుక్కున్నాను.

అయిదు పుల్లలదే మెరుగని లెక్క ప్రకారం ఇప్పటికీ అంటాను. కానీ ఇంటికి యాంటెన్నా ఎంచమని ఎవరైనా అడిగితే లెక్కతో మొదలుపెట్టను. డాబాను ఏ నెలలో ఎవరు వాడతారో ముందు వాళ్లనే అడగమంటాను. తర్వాత, పాస్ పూర్తయ్యేదాకా ఏ చెయ్యి దాన్ని మోయాలో ఆ చేతికే ఇచ్చి చూడమంటాను. పుల్లలు ఎన్నుండాలో ఆ తర్వాత తేలుతుంది.