పంకజవల్లి మేడమ్ చదవని కాగితం

పంకజవల్లి మేడమ్ అంటే నాకు మొదటి నెలలో భయం, రెండో నెలలో కోపం. నోరు తెరిస్తే నిప్పులే. యూనివర్సిటీలో తెలుగు చెప్పేది ఆమె ఒక్కతే. అది కూడా పర్మనెంట్ కాదు, గెస్ట్ లెక్చరర్. పంతొమ్మిదేళ్లుగా ప్రతి మే నెలలో యాజమాన్యం రెన్యూవల్ కాగితం ఇస్తేనే జూన్‌లో ఆమెకు ఉద్యోగం. ఆమెదీ మాలాగే అరవదేశంలో సూలూరు పక్కే. చిన్నప్పుడు చిత్తూరులో మేనత్త ఇంట్లో ఉండి చదివింది కాబట్టి తెలుగు అక్షరాలు వచ్చాయి. మాకెవరికి వచ్చాయి! నాలుగు వందల ఏళ్లుగా ఇంట్లో తెలుగే మాట్లాడుతున్నాం, రాయమంటే అరవంలో రాస్తాం. మా అవ్వ ఉత్తరాలూ, పెళ్లి సామాన్ల జాబితాలూ అన్నీ అరవ అక్షరాల్లో తెలుగే.

అడ్మిషన్ రోజున కౌంటర్‌లో గుమాస్తా మా నాయన తంగవేలును మాతృభాష ఏమిటని అడిగాడు. మా నాయన ఛాతీ విరుచుకుని "తెలుగు" అన్నాడు. గుమాస్తా ఫస్ట్ లాంగ్వేజ్ గడిలో కూడా తెలుగే నింపేశాడు. "మంచిదే కణ్ణూ, ఇంట్లో మాట్లాడే బాసే కదా, మార్కులు కుమ్మరిస్తారు" అని నాయన బస్సులో సంతోషపడ్డాడు. క్లాసులో అక్షరాలు రానిది నేనొక్కదాన్నే అని తెలిసేసరికి భాష మార్చుకునే పది రోజుల గడువు దాటిపోయింది. డీన్ ఆఫీసుకు మూడుసార్లు తిరిగాను. రూల్ అంటే రూల్ అన్నారు. ఏడాది లోపల భాష పాస్ కాకపోతే రెండో సంవత్సరానికి పంపరు, మళ్లీ మొదటి నుంచి చదవాలి. ఫిజిక్స్‌లో క్లాస్ ఫస్ట్ నేను. నాకు కడుపు మండిపోయింది.

క్లాసులో ఆరుగురం. మిగతా అయిదుగురూ నెల్లూరు, తిరుపతి వైపు వాళ్లు. పేపరు చదివినట్టు గడగడా చదివేవాళ్లు. నేను అ ఆ దగ్గర. మేడమ్ రోజూ మధ్యాహ్నం తన టిఫిన్ డబ్బా పక్కన పెట్టి నన్ను కూర్చోబెట్టేది. "ఇది 'క్ష'నా, తేలా? మళ్లీ రాయి" అనేది. డబ్బా తెరిచేలోగా గంట కొట్టేది. నేను ఎన్ని రోజులు ఆమె అన్నం చల్లార్చానో లెక్కలేదు. అప్పట్లో అది నాకు కనిపించలేదు, ఆమె తిట్లే వినిపించాయి.

నవంబర్ పరీక్షలో ముప్పై ఒకటి వచ్చింది. పాస్ మార్కు నలభై. తెలిసిన జవాబులే, రాయడానికి టైమ్ చాలలేదు. ఇక మిగిలింది ఏప్రిల్ ఒక్కటే. ఆ పరీక్షకు ముందు రోజు నాయన నాకో ఉపాయం చెప్పాడు.

"ఏమిటికి అంత కష్టం? బాస తెలుగే కదా, రాసే ఎళుత్తు ఏదైతే ఏమి? మన అరవ ఎళుత్తులో వేగంగా రాసేయ్. దిద్దేవాళ్లకి అర్తమైతే చాలదా?"

నాకూ సబబే అనిపించింది. బుద్ధి గడ్డి తింది, అంతే!

పరీక్ష రోజు సూలూరు దగ్గర బస్సు ఆగిపోయింది. పది కావడానికి రెండు నిమిషాలుండగా హాల్లోకి పరిగెత్తాను. మనుషులు చాలక ఆరోజు మేడమ్‌నే అక్కడ ఇన్విజిలేటర్‌గా వేశారు. ఏదో కాగితం చేతిలో పట్టుకుని వాకిట్లోనే నిలబడి ఉంది. నన్ను చూసి "పో, కూర్చో" అని కసిరింది. పేపర్లు ఇచ్చేసింది. నేను ప్రశ్నలు చూసుకుని అరవ అక్షరాల్లో మొదలుపెట్టాను. చెయ్యి ఎంత హాయిగా నడిచిందో! పదకొండు పేజీలు నింపాను.

పదకొండున్నరకు ఆమె నా బెంచీ పక్కకొచ్చి ఆగింది. ఎంతకీ కదల్లేదు. తలెత్తి చూశాను. ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు. పరీక్షలో నాతో మాట్లాడటానికి వీల్లేదు, పైన కెమెరా ఉంది. వెనక్కి వెళ్లి, బల్ల మీది ఆ కాగితం తీసి గోడకేసి చూస్తూ గట్టిగా చదివింది.

"భాషా పరీక్షలో జవాబులు ఆ భాష లిపిలోనే రాయాలి. వేరే లిపిలో రాసినవి దిద్దరు."

"మేడమ్!" అని అరిచాను.

"మాట్లాడకూడదు" అంది.

ఆ సూచనలు పది గంటలకే చదవాలి. ఆమె చదవలేదు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ముందే చదివి ఉంటే నేను ఈ పని చేసేదాన్నా? మిగిలింది గంటన్నర. నవంబర్‌లో మూడు గంటల్లో ముప్పై ఒకటి!

ఆమె ఫోన్ చేస్తే పరీక్షల అధికారి తమిళ్‌సెల్వన్ సార్ వచ్చారు. వాళ్లు గుమ్మం దగ్గరే మాట్లాడుకున్నారు, నాకు ప్రతి మాటా వినిపించింది.

"సార్, సూచనలు నేను చదవలేదు. తప్పు నాది. పోయిన గంటన్నర ఆ పిల్లకి ఇవ్వండి."

"మేడమ్, వచ్చే నెల మీ రెన్యూవల్. ఇది రిపోర్టులో ఎక్కితే నేనేం చేయలేను. సూచనలు పేపరు మీదా అచ్చు వేసే ఉన్నాయి, చూసుకోకపోవడం ఆ పిల్ల తప్పు. వదిలేయండి."

"పేపరు మీద ఉండేది అచ్చు. నోటితో చదవాల్సింది నేను. రిపోర్టు నేను రాస్తుండా, మీరు సంతకం పెట్టండి."

రాసింది. ఆయన సంతకం పెట్టారు. నాకు రెండున్నర దాకా టైమ్ ఇచ్చారు. పదకొండు పేజీలు అడ్డంగా కొట్టేసి, మొదటి నుంచి తెలుగు అక్షరాల్లో రాశాను. వేళ్లు కొంకర్లు పోయాయి. ఒంటి గంటకు హాలు ఖాళీ అయిపోయింది. నేనూ ఆమే. రెండున్నర దాకా ఆమె కుర్చీలో కూర్చోలేదు.

నలభై నాలుగు వచ్చాయి. ఆమెకు రెన్యూవల్ రాలేదు.

జూన్‌లో నాయనా నేనూ ఆమె ఇంటికి వెళ్లాం. మార్కులు చెప్పగానే "నలభై నాలుగా? సిగ్గులేదూ! దానికి ఇంత దూరం వచ్చి చెప్పాలా?" అని విరుచుకుపడింది. కాఫీ తెచ్చి పెట్టింది.

నాయన తల వంచుకున్నాడు. "ఆ పాడు ఉపాయం నాదేనమ్మా. నా వల్ల మీ పని పోయింది."

"మీ వల్ల ఏమీ కాదు."

నేనిక ఆగలేకపోయాను. "మేడమ్, పంతొమ్మిదేళ్లు చదివిన కాగితం ఆ ఒక్కరోజు ఎందుకు చదవలేదు?"

ఆమె కాఫీ గ్లాసు నా ముందుకు జరిపింది.

"తొమ్మిదిన్నర నుంచీ కాగితం చేతిలోనే ఉండింది. హాల్లో అందరూ వచ్చినారు, నువ్వు రాలా. ఈ ముండ వస్తుందా రాదా, ఏడాది పోగొట్టుకుంటుందా అని వాకిలికేసి చూస్తా నిలబడినా. నువ్వు వచ్చి కూర్చున్నావు చూడు, ఆ సంతోషంలో మరిచిపోయినా."

నాకు ఏడుపు ఆగలేదు. నాయన లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. ఆమెకు మళ్లీ కోపం వచ్చింది.

"చేతులు దించండి సామీ, ఇదేమన్నా కోవెలా? కూర్చోండి. కాఫీ చల్లారిపోతుండాది."