గోడమీది రెండో కన్నం

రైఫిల్ క్లబ్బులో తుపాకులు బాగుచేసే మేస్త్రి దగ్గరికి ఎవరు వచ్చినా ముందు ఆయన ఘనకార్యాలు వినాలి. పని ఆ తర్వాతే. పెద్ద పెద్ద దుకాణాలవాళ్ళు చేతులెత్తేసిన తుపాకిని ఒక్క పూటలో దారికి తెచ్చిన సంగతి, పతకం గెలిచినవాడు పరుగున వచ్చి దాన్ని ముందు ఈయన మెడలో వేసిన సంగతి, ఊరి బడిలో అయిదో తరగతితో ఆపినవాడు అధికారులకు గురి నేర్పిన సంగతి. కాస్త ఉప్పూ కారం దట్టించినా ఇవన్నీ జరిగినవే.

ఆవేళ మేనకోడలు తన రైఫిల్‌కు గురి చూసే దుర్భిణిలాంటి కొత్త స్కోపు బిగించమని తెచ్చింది. మర్నాడు ఆమెకు ఎంపిక పోటీ. సాయంత్రం కాల్పుల రేంజి మూసేలోగా గురి సరిచూసుకోవాలి.

"క్లబ్బువాళ్ళు కొన్న ఆ గురి చూపే లేజరు పెట్టి చూస్తే త్వరగా అవుతుందేమో మావయ్యా" అంది, అటకమీద విప్పకుండా పడివున్న అట్టపెట్టెను చూపించి.

"అది వెలుగు వేస్తుందే అమ్మడూ, చూస్తుందా?" అన్నాడు మేస్త్రి.

ఆయన పద్ధతి ఆయనది. రైఫిల్‌ను పనిబల్లకున్న వైసు దవడల్లో బిగించి, గొట్టం వెనక మూసే బోల్టు ఊడదీసి, వెనకనుంచి గొట్టంలోకి చూస్తాడు. కిటికీకి ఎదురుగా గోడౌను గోడకు గాలి కోసం కొట్టిన గుండ్రటి కన్నం ఉంది. అది గొట్టానికి నట్టనడుమ కనబడేదాకా తుపాకిని జరుపుతాడు. ఆ తర్వాత తుపాకి మెదలకుండా, స్కోపులోని గీతలు కూడా ఆ కన్నం మీదే కలిసేటట్టు మరలు తిప్పుతాడు. గొట్టం చూపూ స్కోపు చూపూ ఒకచోట పడితే రేంజిలో మొదటి గుండు గురికాగితం దాటిపోదు. మిగతా సర్దుబాటు అక్కడ చేసుకోవచ్చు.

అయితే కొంతకాలంగా ఆయన కుడికంట్లో పొర కమ్ముతోంది. దీపం చూస్తే రెండు దీపాలు. ఈ సంగతి భార్యకు ఒక్కదానికే తెలుసు. "ఇద్దరు పెళ్ళాలు కనబడుతున్నారుగా, ఇంకేం కావాలి మీకు" అని ఆవిడ దెప్పుతూనే ఉంది. చూపు మందగించినవాడి దగ్గర ఆయుధాల గది తాళంచెవి ఉంచరు. అది పోతే ఆ పనిబల్లా పోతుంది, దానితోపాటు తనూ పోయినట్టే అని ఆయన భయం.

సన్నటి గొట్టంలోంచి ఒక్క కన్నమే కనబడింది. స్కోపులో చూస్తే రెండు కనబడ్డాయి, పక్కపక్కనే. మళ్ళీ మొదలైంది అనుకున్నాడు. గీతలకు దగ్గరగా ఉన్నదే అసలుదని ఖాయం చేసుకున్నాడు.

"చూశావా, మర తిప్పీ తిప్పకుండానే కుదిరింది. నా చేతి బిగింపంటే అదీ!"

రేంజిలో మొదటి గుండు కాగితానికి తగల్లేదు. రెండోదీ అంతే. ఎడమవైపున, వెనక మట్టిగట్టు మీద దుమ్ము లేచింది.

"ఊపిరితో తుపాకి కదిపావు" అన్నాడు మేస్త్రి.

"ఊపిరి నాదే కానీ తుపాకి ఇసుకసంచి మీద ఉంది కదా మావయ్యా!"

మందుగుండు మంచిది కాదన్నాడు. గాలి అన్నాడు. ఆకు కూడా కదలడం లేదు. మేనకోడలు రైఫిల్ పట్టుకుని గదిలోకి వచ్చింది. వైసులో బిగించి, తనే గొట్టంలోకి చూసింది.

"గొట్టాన్ని ఎడమ కన్నం మీద పెట్టాను. ఇందాక నువ్వు గీతల్ని దేనిమీద పెట్టావు?"

"దేనిమీదేమిటే, ఉన్నది ఒకటేగా."

"రెండున్నాయి మావయ్యా. మొన్నీమధ్య గోడౌనువాళ్ళు ఫ్యాను కోసం ఇంకోటి కొట్టారు."

మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది. "నిజంగానే రెండా! అదే, నాకూ రెండే కనబడితేనూ..." అని నాలుక కరుచుకున్నాడు.

"కనబడితే అడగవేం?"

ఆయన గుడ్డపీలిక తీసుకుని శుభ్రంగా ఉన్న బోల్టునే తుడవసాగాడు. ఆమె పొర కమ్మిన ఆయన కుడికంటివంక చూసింది.

"సరే, చూపు నాది, చెయ్యి నీది. ఎడమకి తిప్పు. ఇంకాస్త... అబ్బ, పసిపిల్ల చెవి మెలేసినట్టు ఏమిటది? గట్టిగా తిప్పు. ఆఁ, చాలు."

ఈసారి గుండు కాగితం అంచున పడింది. రేంజి మూసేలోగా నడుమకు వచ్చేసింది.

"చేతికేం మావయ్యా, బంగారం" అంది మేనకోడలు, తుపాకి సంచిలో పెడుతూ. "కంటి సంగతి క్లబ్బు సెక్రటరీగారికి నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

"తాళంచెవి తీసేసుకుంటాడే."

"తీసుకోనీ. రేపు నా తర్వాత ఇంకెవరైనా తుపాకి తెస్తే నీకు ఎడమో కుడో చెప్పడానికి ఇక్కడెవరుంటారు?"

మేస్త్రి సెక్రటరీ గదికి వెళ్ళాడు. నిలబడే తన ఘనకార్యాలు మొదలుపెట్టాడు, పతకం దాకా వచ్చి ఆగిపోయాడు. జేబులోంచి తాళంచెవి తీసి బల్లమీద పెట్టాడు.

"కంటికి ఆపరేషన్ చేయించుకోవాలండీ. అందాకా ఆ లేజరు అట్టపెట్టె విప్పుకోండి."

సెక్రటరీ తాళంచెవి వంకా ఆయన వంకా చూసి, "మళ్ళీ ఎప్పుడొస్తారు?" అన్నాడు.

"ఆ కళ్ళడాక్టరు నా అంత పనిమంతుడైతే త్వరలోనే వస్తానండీ."