మావయ్య చెయ్యి జారింది

మా మావయ్య ఎవరింటికి వెళ్ళినా ముందు ఆ ఇంటాయన మొహం చూడడు, ఆయన కారు అడుగు చూస్తాడు. కుశలప్రశ్నలు ఆ తర్వాతే. ఒక్కోసారి అవి కూడా కారు కిందనుంచే వస్తాయి. "అమ్మగారు బాగున్నారా? మోకాళ్ళ నొప్పులు తగ్గాయా?" అని వినపడుతుంది గానీ మనిషి కనపడడు. చెప్పులు విప్పిన రెండు పాదాలు మాత్రం బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి.

ఆయన మెకానిక్కు కాదు, పళ్ళ డాక్టరు. ఊరందరి నోళ్ళలోకీ తొంగిచూసి, రిటైరయ్యాక చూడటానికి ఇక నోళ్ళు దొరక్క కార్ల మీద పడ్డాడు. మాది సముద్రం ఒడ్డున ఉన్న ఊరు. ఉప్పుగాలికి పాత కార్లన్నీ పైన నిగనిగలాడుతూ, కింద తుప్పుపట్టి పొరలు పొరలుగా రాలిపోతూ ఉంటాయి. కాబట్టి మావయ్యకి పని కరువన్నది లేదు. జేబులో ఎప్పుడూ రెండు పనిముట్లు ఉండేవి: పొడుగు కాడకి బిగించిన బొత్తామంత అద్దం, కొస వంకర తిరిగిన ఉక్కు సూది. రెండూ ఒకప్పుడు మా అందరి దవడల్లో తిరిగినవే.

"రేకుకీ పంటికీ తేడా ఏముంది అమ్మాయ్?" అనేవాడు నాతో. "రెండూ కనపడని చోటే పుచ్చుతాయి. పుచ్చినదంతా గీకి, మెరిసే ఇనుము తగిలాకే పైన ఏదైనా పుయ్యాలి. తుప్పుమీద రంగేస్తే దానికి దుప్పటి కప్పినట్టే. లోపల హాయిగా తింటూ కూర్చుంటుంది."

అత్తయ్యకి ఈ పిచ్చి సుతరామూ నచ్చేది కాదు.

"నలుగురిలో నా పరువు తీస్తున్నారండీ మీరు!"

"నలుగురికీ నేను కనపడితేగా. కింద ఉంటాను."

"మొహం కనపడకపోతేనేం, ఆ పాదాలు ఎవరివో ఊరంతటికీ తెలుసు!"

నిజమే. ఒక పెళ్ళిలో ఊరేగింపు కదలాల్సిన వేళకి పెళ్ళికొడుకు కారు కింద రెండు పాదాలు తేలాయి. "ఎవరండీ అది?" అని పెళ్ళికూతురి తండ్రి కంగారుపడుతుంటే మా అమ్మా, అత్తయ్యా ఎవరో తెలియనట్టు ఆకాశంలోకి చూస్తూ నిలబడ్డారు. సాక్షాత్తూ సొంత తమ్ముడూ, సొంత మొగుడూను! ఇంతలో కిందనుంచి గొంతు వినపడింది. "మీరేం దిగులు పెట్టుకోకండి బావగారూ, అమ్మాయి మంచి ఇంట్లోనే పడుతోంది. అడుగు రాయిలా ఉంది!"

పోస్టుమాస్టరుగారైతే మావయ్య వస్తున్నాడని తెలిస్తే చాలు, కారు పక్కన కుక్కని కట్టేసేవారు. మావయ్య దానికి బిస్కెట్టు వేసి, కారు అడుగు చూసి, వెళ్తూ వెళ్తూ కుక్క పళ్ళు కూడా చూసి వచ్చాడు.

ఇంతవరకైతే జనం భరించేవాళ్ళే. అసలు గొడవంతా ఆ సూదితోనే. అద్దంతో చూస్తాడు, సూదితో అక్కడా ఇక్కడా తడతాడు, చెవి ఆనించి వింటాడు. ఉన్నట్టుండి "అయ్యయ్యో!" అంటాడు. జుట్టునిండా మట్టితో బయటికి పాక్కుంటూ వచ్చి తలవంచుకుని నిలబడతాడు. "క్షమించాలి, చెయ్యి జారింది. మీ బండికి చిన్న కన్నం పెట్టాను. పాడుచేసింది నేను కాబట్టి బాగుచేసే పూచీ కూడా నాదే" అని కారుని తన షెడ్డుకి తోలుకుపోతాడు.

దాంతో ఊళ్ళో ఎవరింట్లో గ్లాసు పగిలినా "డాక్టరుగారి చెయ్యి జారింది" అనడం అలవాటైపోయింది. "ఈ చేత్తోనా నా పన్ను పీకించుకున్నాను!" అని టైలరు దవడ తడుముకుని గుండెలు బాదుకునేవాడు.

ఇక మా బావ సంగతి. మా అక్క మొగుడు మనిషి బంగారం, బేరానికి దిగితే మాత్రం ఎవరైనా ఇట్టే టోపీ పెట్టేస్తారు. ఓసారి ఆయన కొన్న ఫ్రిజ్జు లోపల తప్ప అన్నివైపులా చల్లగా ఉండేది. కొండ మీది ఊళ్ళో ఉండే వాళ్ళన్నయ్య ఆ ఫ్రిజ్జు కథ ప్రతి శుభకార్యంలోనూ చెప్పి నవ్విస్తాడు. అందరూ నవ్వుతారు, బావ కూడా నవ్వుతాడు. ఆ నవ్వు చూడలేక నేను వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

అలాంటి బావ ఒకనాడు నీలంరంగు పాత కారొకటి కొనుక్కొచ్చి, మా అందరినీ పిలిచి కాఫీలిచ్చాడు.

"అమ్మినాయన ఎంత శ్రద్ధగలవాడంటే, అడుగంతా కొత్తగా తారు పూయించి మరీ ఇచ్చాడు. అద్దంలా మెరుస్తోంది! ఆదివారం అక్కనీ, పిల్లనీ ఎక్కించుకుని కొండదారిలో అన్నయ్య ఇంటికి వెళ్తున్నా" అన్నాడు నాతో. తర్వాత కొంచెం గొంతు తగ్గించాడు. "ఇందులో కూడా మోసపోయానంటే ఇక ఆయన ముందు తలెత్తుకోలేను."

కొత్త తారు అన్న మాట వినగానే మావయ్య సగం తాగిన కాఫీ కిందపెట్టి లేచాడు.

"మావయ్యగారూ, వద్దు! దాన్ని ముట్టుకోకండి!"

"ముట్టుకోను అల్లుడూ, ఊరికే చూస్తాను."

బావ పరుగెత్తుకెళ్ళి కాపలాగా డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. కింద రెండు పాదాలు తేలనే తేలాయి. ఠక్. ఠక్. ఠక్. ఆ తర్వాత డొబ్బుమని మెత్తటి చప్పుడు. బావ రెండు బూట్ల మధ్యనుంచి, కాళ్ళ కింది పట్టాని చీల్చుకుని, ఉక్కు సూది పైకి లేచింది. బావ పెట్టిన కేకకి వీధి చివర కుక్కలు మొరిగాయి.

సూది మెల్లగా కిందికి దిగిపోయింది. తర్వాత కిందనుంచి నీరసంగా గొంతు వచ్చింది. "అయ్యయ్యో. చెయ్యి జారింది అల్లుడూ."

బావ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. "లక్షణమైన కారుకి కన్నం పెట్టారు! ఇక మీరు నా గుమ్మం తొక్కద్దు!" అన్నాడు. అక్క ఏడ్చింది. అమ్మ తమ్ముణ్ణి చెడామడా తిట్టింది. బావ ఆ కోపంలోనే అన్నయ్యకి ఫోను చేసి, ఆదివారం రాలేమనీ, ఫలానా పళ్ళ డాక్టరు ఫలానా ఘనకార్యం చేశాడనీ చెప్పాడు. వాళ్ళన్నయ్య జీవితంలో మొదటిసారి తమ్ముడి పక్షం వహించాడు. "పాపంరా, బంగారంలాంటి కారు!" అన్నాడట.

బాగుచేసే పూచీ తనదేనని మావయ్య ఎప్పటిలాగే కారుని తోలుకుపోయాడు. మర్నాడు అందులో ఉండిపోయిన పిల్ల బొమ్మ తెద్దామని ఆయన షెడ్డుకి వెళ్ళాను. నాకూ కోపంగానే ఉంది. కారు స్టాండ్ల మీద ఎత్తి ఉంది. తలుపు తీసి లోపలికి చూస్తే సీట్ల కింద ఉండాల్సిన రేకు లేదు. షెడ్డు నేల కనపడుతోంది. తారుని గీకుతుంటే దాంతోపాటే అడుగంతా ఊడివచ్చినట్టుంది, పక్కన తుప్పు పెచ్చులు కుప్పగా పడున్నాయి.

"మావయ్యా, నువ్వు పొడిచింది ఒక్క కన్నమే కదా! మిగతాదంతా ఏదీ?"

"ఉష్! ముందు ఆ తలుపు వెయ్యి."

"ఇంత మోసం జరిగితే బావకి చెప్పవేం?"

"చెప్తే ఆదివారంలోగా వాళ్ళన్నయ్య చెవిన పడుతుంది. ఇక ఫ్రిజ్జు పక్కన కారుని కూడా నిలబెట్టి జన్మంతా నవ్విస్తాడు."

"మరి అందరూ నిన్ను తిడుతున్నారుగా!"

"తిట్టనీ. డాక్టరుగా చూశాను అమ్మాయ్, పన్ను పుచ్చిందంటే ఎంత పెద్దవాళ్ళైనా దొంగతనం చేసి దొరికిపోయినట్టు మొహం పెడతారు. ఆ సిగ్గుతో మళ్ళీ రారు. అదే తప్పు నాదన్నాననుకో, నోరారా నన్ను తిడుతూ దర్జాగా బాగుచేయించుకుని పోతారు."

"అంటే పోస్టుమాస్టరుగారి కారు..."

"జల్లెడ."

"టైలరుది?"

మావయ్య సూది నా చేతికిచ్చి, చెడని చోటొకటి చూపించాడు. "పొడు" అన్నాడు. బలమంతా పెట్టి పొడిచాను. నా మణికట్టు నొప్పెట్టింది గానీ రేకుమీద గీత కూడా పడలేదు. ఊరంతా వెక్కిరించే ఆ చేతులు ఒక్కనాడూ జారలేదని అప్పుడు తెలిసింది. ఆ మట్టికొట్టుకున్న మనిషిని గట్టిగా కావలించుకోవాలనిపించింది. కావలించుకున్నాను కూడా. నా చీరంతా తారైంది.

కొత్త రేకు వెల్డింగు చేయించి, ప్రైమరు కొట్టి, రంగువేసి మావయ్య కారు తిరిగిచ్చేశాడు. "కన్నం పెట్టినవాడే పూడ్చాడు, అందులో గొప్పేముంది?" అన్నాడు బావ. కొండదారిలో కిర్రుమనకుండా వెళ్ళివచ్చాడు. అయినా మావయ్య గుమ్మం మాత్రం తొక్కలేదు.

కొన్నాళ్ళకి ఒక ఉదయం మావయ్య ఇంటిముందు ఇంకో పాత కారు ఆగింది. నేనప్పుడు అక్కడే ఉన్నాను. బావా, వాళ్ళన్నయ్యా దిగారు. "మీ ఊళ్ళోనే కొన్నానండీ. బేరమంటే ఇదీ! మా తమ్ముడికి ఏడు జన్మలెత్తినా చేతకాదు" అని పెద్దాయన అరుగుమీద కూర్చుని అత్తయ్యకి వర్ణించడం మొదలుపెట్టాడు.

బావ మావయ్యని పక్కకి లాగాడు. "అడుగు నల్లగా మెరుస్తోంది మావయ్యగారూ. పిల్లలు ఎక్కే బండి. మా అన్నయ్య ఎవర్నైనా అంటాడు గానీ, తను ఒక్క మాట పడలేడు."

"అయితే నన్నేం చెయ్యమంటావు అల్లుడూ?" అన్నాడు మావయ్య అమాయకంగా.

"నాకు తెలియదనుకున్నారా? టైరు మారుస్తూ కిందికి వంగి చూశాను. మీరు పెట్టింది ఒక్క కన్నం. వేసిన రేకు మాత్రం ఈ కొసనుంచి ఆ కొసదాకా ఉంది." బావ కళ్ళు చెమర్చాయి. "అన్న మాటలకి సిగ్గేసి ఇన్నాళ్ళూ రాలేకపోయాను."

మావయ్య జేబు తడుముకుని చెప్పులు విప్పాడు. బావ కూడా బూట్లు విప్పాడు. కారు కింద నాలుగు పాదాలు తేలాయి.

ఠక్. ఠక్. ఠక్. డొబ్బు.

అరుగుమీద పెద్దాయన ఉలిక్కిపడి లేచాడు. అత్తయ్య అలవాటుగా ఆకాశంలోకి చూసింది. "అయ్యయ్యో!" అంది కిందనుంచి ఒక గొంతు. అది మావయ్యది కాదు.

"క్షమించు అన్నయ్యా, నా చెయ్యి జారింది!"

"నాకు ముందే తెలుసురా, నీకు ఏదీ చేతకాదని!" అని పెద్దాయన తిట్లు లంకించుకున్నాడు. కారు కింద ఎవరో నవ్వు ఆపుకోలేకపోతున్నట్టు నాలుగు పాదాలూ ఒకటే ఊగుతున్నాయి.