ఖాళీ ఉయ్యాల

ఖాళీ ఉయ్యాల దానంతటదే ఊగడం నేను పట్టపగలు చూశాను. యుద్ధం రోజులవి. తిరుపతిలో, అలిపిరికి పోయే దారిలో ఇనుప కాళ్ల మీద ఒక నీళ్ల ట్యాంకు ఉండేది. భూకంపం వస్తే అది నిలుస్తుందా అని లెక్క కట్టమన్నారు. కొత్త ఇంజనీరుని, కళ్లు నెత్తికెక్కి ఉన్నాయి. కదిలిన కట్టడం ఎంత త్వరగా నెమ్మదిస్తుందన్నదే ఆ లెక్కకు ప్రాణం. పుస్తకంలో రాతి గోడలకు ఇచ్చిన అంకెనే దీనికీ వేసి, నీళ్లను కదలని బరువుగా ఎంచి, నాలుగైదు ఊపుల్లో సద్దుమణుగుతుందని రాసి సంతకం పెట్టాను.

ట్యాంకు కిందే కావలివాడి కాపురం. గది దూలాలు ఆ ఇనుప కాళ్లకే బిగించి ఉండేవి. అతని భార్య పచ్చి బాలింత. బిడ్డ తన ఒళ్లో ఉండగానే ఉయ్యాల ఊగుతోందని ఏడ్చేది. ఖాళీ ఉయ్యాల ఊపితే బిడ్డకు కీడని మా వైపు గట్టి నమ్మకం. ఊపేది ఆమేనని అత్త తిట్టేది. చివరికి కావలివాడు నా దగ్గరికొచ్చాడు.

"ట్యాంకు ఏమన్నా కదుల్తా ఉండాదా సామీ?"

"నా లెక్క తప్పదబ్బా. ఆయమ్మకే ఏదన్నా సోకింటాది. యాడన్నా సూపించు" అన్నాను.

చూపించాడు. భూతవైద్యుడు వేపమండలతో ఆమె వీపు వాచేలా కొట్టాడని తెలిసినా నేను పట్టించుకోలేదు.

వారం తర్వాత మిట్టమధ్యాహ్నం ఏదో పని మీద అటు వెళ్లాను. నీళ్లెక్కించే ఇంజను అప్పుడే ఆగింది. బయట ఆకు కదలడం లేదు. గదిలో ఆమె బిడ్డను అదుముకుని మూలన కూర్చుని ఉంది. మధ్యలో చీర ఉయ్యాల ఊగుతోంది. పట్టుకుని ఆపాను. వదిలాను. కాసేపు కదల్లేదు. తర్వాత, ఎవరో బిడ్డను జోకొడుతున్నంత మెల్లగా, మళ్లీ మొదలైంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, పారిపోదామనిపించింది.

వెనక్కి జరుగుతూ పక్కనున్న ట్యాంకు ఇనుప కాలిని పట్టుకున్నాను. అరచేతికి అదే ఊపు తగిలింది. ఇంజను ఎక్కించిన నీళ్లు పైన ఇంకా అటూ ఇటూ ఒరుగుతున్నాయి. ఆ కదలిక కాళ్ల గుండా దూలానికి, దూలం నుంచి ఉయ్యాలకు దిగుతోంది. ఆగిపోతుందని నేను సంతకం పెట్టిన ఊపు ఆగనే లేదు.

అప్పటికప్పుడు ట్యాంకు ఖాళీ చేయించాను. ఉయ్యాల నిలిచిపోయింది.

"ఊపింది నువ్వు కాదమ్మా, నీళ్లు. తప్పు నాది" అన్నాను.

ఆమె నా చేతికేసి చూసింది.

"ఆ సెయ్యి ఆ పొద్దే ఏసి సూసింటే, నా ఈపు మింద దెబ్బలు పడేవి కావు గదా సామీ?"

బిడ్డను మాత్రం ఆమె ఆ ఉయ్యాలలో మళ్లీ పడుకోబెట్టలేదు.